వెంట్రుకల లెక్క: ఇరవై నాలుగు ఆదివారాల డైరీ

21 సెప్టెంబరు 2025, ఆదివారం

గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగు మిల్లులో, నాణ్యతా విభాగంలో, పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పత్తి బేలు లోపలికి వచ్చిన రోజే దానిలోంచి చిటికెడు పీచు తీసి, దువ్వి, నల్ల వెల్వెట్ పలక మీద పొడవు వరుసలో పరిచి, అందులో పొట్టి పీచు ఎంత శాతం ఉందో రాయడం నా ఉద్యోగం. ఈ రోజు అదే పనిని నా తల వెంట్రుకల మీద చేశాను. వెంట్రుక నల్లనిది గనుక నల్ల పలకకు బదులు పాత తెల్ల దుప్పటి పరుచుకున్నాను.

పది రోజుల కిందట తలంటుకుంటుండగా స్నానాల గది తూములోకి నీళ్లు దిగడం ఆగిపోయింది. జాలీ మీదినుంచి నేను ఎత్తిన ఉండ మా అమ్మాయి పిడికిలంత ఉంది. ఆ రాత్రి దిండు గలీబు తీసి చూసుకున్నాను, మర్నాడు కుర్చీ వెనుక, ఆ మర్నాడు పెరుగన్నంలో చూసుకున్నాను. చూసినకొద్దీ భయం పెరిగిందే తప్ప, ఎంత రాలుతోందన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. మిల్లులో ఎవరైనా వచ్చి "నూలు బాగా తెగిపోతోందండీ" అంటే, గంటకు ఎన్ని తెగుళ్లో చెప్పమని అడిగేదాన్ని నేనే. కనుక నా విషయంలోనూ లెక్కే పెట్టాలని నిర్ణయించుకున్నాను.

ముందుగా నేపథ్యం రాసి ఉంచుతున్నాను. నా వయసు 43, ఎత్తు 158 సెంటీమీటర్లు. మధుమేహం, అధిక బరువు రెండూ ఉన్నందున డాక్టరుగారి సలహాతో ఈ ఏడాది జూన్ 7న టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. మన దేశంలో ఇది మార్చిలో మౌంజారో పేరుతో వచ్చింది. వారానికి ఒకసారి, శనివారం రాత్రి. మొదటి నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, జూలై 5 నుంచి 5, ఆగస్టు 30 నుంచి 7.5. బరువు జూన్ 7న 92.4 కిలోలు, జూలై 5న 89.6, ఆగస్టు 2న 84.9, ఆగస్టు 30న 81.2.

లెక్క పద్ధతి ఇది. సోమవారం నుంచి శనివారం దాకా తలంటు లేదు. ఆదివారం వెడల్పాటి బేసినులో తలంటుకుని, ఆ నీళ్లన్నీ పలుచని మల్లు గుడ్డలో వడగట్టి, గుడ్డ మీద మిగిలినవన్నీ ఆరబెట్టి లెక్కించాలి. ఇది నా ఊహ కాదు. ఇటలీ చర్మవైద్యులు వాడుకలోకి తెచ్చిన పరీక్షకు ఇంటి రూపం. అందులో వారు చూసేవి రెండు: మొత్తం వంద దాటిందా, వాటిలో మూడు సెంటీమీటర్లకు మించని పొట్టి వెంట్రుకలు పదో వంతు ఉన్నాయా. మొత్తం వంద దాటి పొట్టివి తక్కువగా ఉంటే అది తాత్కాలికంగా ఒక్కసారిగా రాలడం. మొత్తం తక్కువే అయినా పొట్టివి ఎక్కువగా ఉంటే కుదుళ్లే సన్నబడుతున్నాయని అర్థం. పొట్టి పీచు శాతం చూసే ఉద్యోగం చేస్తూ, ఇలాంటి పరీక్ష ఒకటుందని ఇన్నాళ్లూ తెలియకపోవడం నాకే విచిత్రంగా తోచింది.

ఈ రోజు లెక్క: మొత్తం 386. వీటిలో చివర తెల్లని గుండు ఉన్నవి 343, గుండు లేకుండా మధ్యలో తెగినవి 43. మూడు సెంటీమీటర్లు, అంతకంటే పొట్టివి 9. అంటే పొట్టివి నూటికి మూడు కూడా లేవు. లెక్కించడానికి రెండు గంటలా పది నిమిషాలు పట్టింది.

28 సెప్టెంబరు, ఆదివారం

మొత్తం 431. గుండు ఉన్నవి 390. పొట్టివి 10.

ఈ గుండు సంగతి వివరంగా రాయాలి. లెన్సు కింద పెట్టి చూస్తే వెంట్రుక వేరు చివర ఉప్పురవ్వ అంత తెల్లని ముద్ద కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి "కుదురుతో సహా ఊడి వచ్చింది, ఇక అక్కడ మొలవదు" అని బెంబేలు పడతారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి కుదురు తల చర్మంలోనే భద్రంగా ఉంటుంది. ఆ తెల్లని ముద్ద, వెంట్రుక పెరగడం ఆపి విశ్రాంతి దశ ముగించుకుని వచ్చిందనడానికి గుర్తు మాత్రమే.

ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, రెండు మూడు వారాల్లో పెరుగుదలను ముగించుకుని, సుమారు మూడు నెలలు కదలక ఉండి, తరువాత రాలుతుంది. తల మీద ఉజ్జాయింపుగా లక్ష వెంట్రుకలు ఉంటాయి. మామూలు రోజుల్లో వాటిలో పదో వంతు, అంటే పదివేలు, విశ్రాంతి దశలో ఉంటాయనుకుంటే, అవి వంద రోజుల్లో రాలిపోవాలి గనుక రోజుకు వంద. ఆరోగ్యవంతులకు రోజుకు యాభై నుంచి వంద రాలడం సహజమని చెప్పే మాటకు ఈ భాగహారం దగ్గరగానే ఉంది. ఒంటికి పెద్ద దెబ్బ ఏదైనా తగిలినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి పని ఆపేసి విశ్రాంతిలోకి జారుకుంటాయి. పదో వంతు కాస్తా మూడు పదో వంతులైతే రాలేవి రోజుకు మూడు వందలు. 1961లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ దీనికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. పేరు కొత్తగా వినిపించినా సంగతి మన ఇళ్లలో పాతదే. టైఫాయిడ్ తగ్గిన రెండు మూడు నెలలకు, డెంగీ తరువాత, కాన్పు తరువాత జరిగేది ఇదే.

లెక్క పెడుతుండగా అత్తయ్య వచ్చి దుప్పటి అంచున కూర్చున్నారు.

"ఏంటమ్మాయ్, పురిటి జుట్టులా ఊడుతోందే? బిడ్డ తల్లి మొహం గుర్తుపట్టి నవ్వడం మొదలెడితే జుట్టు ఊడుతుందనేవాళ్లం మా రోజుల్లో."

"బిడ్డ నవ్వేది ఎన్నో నెలలో అత్తయ్యా?"

"రెండో నెల దాటాక, మూడో నెలలో."

బిడ్డ నవ్వుకూ తల్లి జుట్టుకూ సంబంధం లేదు గానీ, ఆ క్యాలెండరు మాత్రం ఖచ్చితంగా సరిపోయింది. నాకు రాలడం మొదలైంది సెప్టెంబరు రెండో వారంలో. మూడు నెలలు కాకున్నా పది వారాలు వెనక్కి వెళ్తే జూలై మొదటి వారం, అంటే మోతాదు 5 మిల్లీగ్రాములకు పెరిగి బరువు వేగంగా తగ్గడం మొదలైన వారం. ఆగస్టు 30న పెంచిన 7.5ను నేను ఇన్నాళ్లూ అనుమానిస్తున్నాను. లెక్క ప్రకారం అది నిరపరాధి. దాని ఫలితం ఏదైనా ఉంటే కనిపించేది నవంబరులో.

5 అక్టోబరు, ఆదివారం

మొత్తం 472. పొట్టివి 12.

ఈ రోజు వెంట్రుకల కట్టను మిల్లు ప్రయోగశాలకు తీసుకువెళ్లి, మేనేజరుగారి అనుమతితో సున్నితపు త్రాసులో తూచాను: 1.13 గ్రాములు. సగటు పొడవు 48 సెంటీమీటర్లు. దీన్ని నూలు భాషలోకి మారిస్తే, మీటరుకు 5 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 118 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). మేము తీసే నూలు 40 కౌంటు. నా తలమీద ఒక్కొక్క వెంట్రుక అంతకు మూడో వంతు బరువుతో, మా మిల్లులో ఏ రింగు ఫ్రేమూ తీయలేనంత సన్నగా ఉందన్న మాట. పనికిరాని లెక్కే అయినా, ఈ పక్షం రోజుల్లో నేను నవ్వింది దీనికి ఒక్కదానికే. పనికొచ్చే సంగతి ఒకటుంది: ఇకమీదట కట్టను తూచి, లెక్కతో పోల్చి, నా లెక్కలో పొరపాటు ఉందో లేదో సరిచూసుకోవచ్చు.

పొడవైన వెంట్రుక ఒకటి 60 సెంటీమీటర్లు వచ్చింది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక అది ఐదేళ్ల కిందటిది. కొవిడ్ మొదటి సంవత్సరంలో, అందరం ఇళ్లలో కూర్చున్న రోజుల్లో మొలిచింది. దాన్ని వేరుగా కాగితంలో చుట్టి ఉంచాను.

8 అక్టోబరు, బుధవారం

డాక్టరుగారి దగ్గరికి మూడు వారాల పట్టిక తీసుకుని వెళ్లాను. ఆమె మొదట పాపిడి చూశారు. తరువాత తలలో నాలుగు చోట్ల యాభై అరవై వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి చూశారు. నాలుగు చోట్లా నాలుగైదు చొప్పున వచ్చాయి. పాపిడి ముందుభాగంలో వెడల్పవకుండా, తలంతా ఒకేలా పలచబడటం వల్ల ఇది వంశపారంపర్యంగా వచ్చే పలచదనం కాదని, నా పొట్టి వెంట్రుకల శాతం కూడా అదే చెబుతోందని అన్నారు.

"మందు వల్లనేనా అండీ?" అని అడిగాను. మందు వివరపత్రంలో ఉన్న అంకెలను ఆమె చదివి చూపారు. బరువు తగ్గించడానికి టిర్జెపటైడ్‌ను అమెరికాలో జెప్‌బౌండ్ పేరుతో అమ్ముతారు. దాని పరీక్షల్లో జుట్టు రాలుతోందని చెప్పినవారు మందు తీసుకున్న వర్గంలో నూటికి నాలుగైదుగురు, ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గంలో ఒక్కరు. ఆడవారిని విడిగా చూస్తే 7.1 శాతం, మగవారిలో 0.5 శాతం. బరువు తగ్గించే మరో ఇంజెక్షన్ సెమాగ్లూటైడ్‌తో, అంటే వెగోవీతో, 3 శాతం. దాని ఉత్తుత్తి మందుతో 1 శాతం. నా కన్ను వేరే చోట ఆగింది. టిర్జెపటైడ్ 5 మిల్లీగ్రాముల వర్గంలోనూ 5 శాతమే, 15 మిల్లీగ్రాముల వర్గంలోనూ 5 శాతమే. మందే నేరుగా కుదుళ్లను దెబ్బతీసేదైతే మోతాదు మూడింతలైనప్పుడు రాలడం కూడా పెరగాలి కదా. కడుపు కుదించే శస్త్రచికిత్స చేయించుకున్నవారికి, ఏ ఇంజెక్షనూ లేకుండా కడుపు మాడ్చుకుని సన్నబడ్డవారికి కూడా మూడు నాలుగు నెలలకు ఇలాగే రాలుతుందని డాక్టరుగారు అన్నారు. వివరపత్రం కూడా దీన్ని బరువు తగ్గడంతోనే ముడిపెడుతోంది.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది: "జూలైలో రోజూ ఏం తిన్నారు?"

ఇంటికి వచ్చి గుర్తు చేసుకుని రాశాను. పొద్దున ఒకటిన్నర ఇడ్లీ. మధ్యాహ్నం డబ్బాలో తీసుకెళ్లిన అన్నంలో సగం తిరిగి తెచ్చేదాన్ని. పప్పు రెండు గరిటెలు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి గిన్నెడు పెరుగన్నం, అదీ వికారం లేని రోజున. ఎంత ఉదారంగా లెక్కవేసినా రోజుకు 30 గ్రాముల మాంసకృత్తులు దాటలేదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు. ఆకలి వేయకపోవడాన్ని ఆ రెండు నెలలూ నేను ఒక వరంగా చూసుకున్నాను, పత్యం చేయకుండానే సన్నబడుతున్నానని పదిమందికి చెప్పుకున్నాను. వెంట్రుక దాదాపు మొత్తం కెరటిన్ అనే మాంసకృత్తే. తిండి కరువైనప్పుడు ఒళ్లు ముందుగా ఆపేసే పనుల్లో వెంట్రుక తీయడం ఒకటి. పత్తి కరువైతే మేము ముందు ఆపేది ఖరీదైన సన్న నూలు ఫ్రేములనే.

డాక్టరుగారు మోతాదును తిరిగి 5 మిల్లీగ్రాములకు దించారు, రక్తపరీక్షలు రాశారు, రోజుకు 70 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా పెట్టారు. జుట్టు కోసం నూనెగానీ మందుగానీ ఏదీ రాయలేదు.

12 అక్టోబరు, ఆదివారం

మొత్తం 509.

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.9, ఫెరిటిన్ 9. ఫెరిటిన్ ఒంట్లో దాచిన ఇనుముకు కొలత. పెద్దవారికి 15కు తగ్గితే ఇనుము లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలభై దాటాక నెలసరి ఎక్కువగా అవుతోందని తెలిసీ ఏనాడూ పట్టించుకోలేదు. ఇనుము లోపం బహుశా జూన్‌కు ముందే ఉంది, తిండి తగ్గడంతో అది బయటపడింది.

మరో ఫలితం మమ్మల్ని తికమక పెట్టింది. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ 0.18, అంటే తక్కువ; థైరాయిడ్ తయారుచేసే హార్మోను ఎఫ్‌టీ4 ఎక్కువ. చూడగానే థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందనిపించే అంకెలివి. థైరాయిడ్ మితిమీరినా బరువు తగ్గుతుంది, జుట్టు రాలుతుంది. నా కథంతా దానికి అచ్చు సరిపోయింది. డాక్టరుగారు ఫోనులో రెండు నిమిషాలు ఆలోచించి, "జుట్టుకోసం ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. వేసుకుంటున్నాను. సెప్టెంబరు నుంచి బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు, ఒక్కొక్కదానిలో 10,000 మైక్రోగ్రాములు; పెద్దవారికి రోజుకు కావలసింది 30 నుంచి 40. కొన్ని రకాల రక్తపరీక్షలు బయోటిన్ అతుక్కునే గుణం మీద ఆధారపడి పనిచేస్తాయి గనుక, రక్తంలో అది మరీ ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ తక్కువగా, ఎఫ్‌టీ4 ఎక్కువగా తప్పు చూపుతాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలా తప్పవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. రక్తం తీసినచోట నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు, నేనూ చెప్పలేదు. గమ్మీల డబ్బా మూత పెట్టేశాను, పది రోజుల తరువాత మళ్లీ పరీక్ష.

19 అక్టోబరు, ఆదివారం

మొత్తం 541. పొట్టివి 13. రేపు దీపావళి.

జడ మూడు పాయల మందం చూపుడు వేలంత మిగిలింది. సవరం పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను కూడా. పట్టికను బట్టి రాలడం తగ్గే రోజులు ముందున్నాయని తెలుసు గానీ, తెలియడం వేరు, అద్దంలో చూసుకోవడం వేరు.

26 అక్టోబరు, ఆదివారం

మొత్తం 528. బయోటిన్ ఆపాక చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ 2.6. థైరాయిడ్ బాగుంది.

2 నవంబరు, ఆదివారం

మొత్తం 497.

తిండి పట్టిక ఒక దారికి వచ్చింది. గుడ్లు మూడు, 18 గ్రాములు. చేపో కోడో 100 గ్రాములు, సుమారు 25. పెరుగు 200 గ్రాములు, 7. కందిపప్పు 30 గ్రాములు, ఆరున్నర. మీల్ మేకర్ 25 గ్రాములు, 13. కలిపితే 70కి అర గ్రాము తక్కువ. చూడడానికి సులువుగా ఉన్నా, ఇంజెక్షన్ తరువాత రెండు రోజులు ఇందులో సగం తినడమే గగనం. చిన్న గిన్నెల్లో ఆరుసార్లు తింటున్నాను, ముందు మాంసకృత్తులున్నది తిని, కడుపులో చోటు మిగిలితేనే అన్నం.

కార్తీక సోమవారాల ఉపవాసం ఈ ఏడు నాకు లేదని ఇంట్లో చెప్పాను. అత్తయ్య ఏమీ అనకుండా, సోమవారం పొద్దున నాకు పెసరట్లు వేసి, పక్కన గుడ్డు మాత్రం పెట్టలేదు. న్యాయమే.

ఇనుము మాత్ర రోజు విడిచి రోజు. రోజూ వేసుకుంటే, మర్నాటి మాత్రలోని ఇనుమును ఒళ్లు సరిగా పట్టించుకోదని డాక్టరుగారి మాట. జామకాయతోనో నిమ్మరసంతోనో వేసుకుంటున్నాను. అటు గంట ఇటు గంట టీ లేదు. ఇంజెక్షన్ వల్ల ఉన్న మలబద్ధకానికి ఈ మాత్ర తోడయింది. దీనికి విరుగుడుగా ఇసబ్గోలు, నీళ్లు.

16 నవంబరు, ఆదివారం

మొత్తం 421. ఆగస్టు 30న పెంచిన మోతాదుకు ఫలితం కనిపించాల్సిన సమయమిదే. అంకె పెరగలేదు, తగ్గుతోంది. ఇది ఒక్క తల లెక్క మాత్రమే గనుక దీని నుంచి పెద్ద తీర్మానం తీయను.

ఈ వారంలో ఒక జుట్టు క్లినిక్‌కు కూడా వెళ్లానని ఒప్పుకోవాలి. మా బంధువు బలవంతం. నా పట్టిక చూడకుండానే, నా రక్తం నుంచే తీసినదాన్ని తలలోకి సూదులతో ఎక్కించే వైద్యం ఆరు విడతల ప్యాకేజీ, దానితోపాటు జుట్టు మొలిపించే మందు మినాక్సిడిల్ మొదలుపెట్టమన్నారు. అదంతట అదే తగ్గుతున్న వేళ మొదలుపెడితే, ఫలితం ఎవరి ఖాతాలో పడుతుందో లెక్కలు రాసేవాళ్లకు తెలుసు. పైగా మినాక్సిడిల్ మొదటి వారాల్లో రాలడాన్ని ఇంకా పెంచవచ్చు. చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

30 నవంబరు, ఆదివారం

మొత్తం 318. నుదుటి పైన, పాపిడి మొదట్లో, దువ్వెనకు లొంగని పొట్టి వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. తెగినవేమో అనుకున్నాను. లెన్సుతో చూస్తే వాటి కొసలు కోసినట్టు మొండిగా లేవు, సూది మొనలా సన్నగా ఉన్నాయి. తెగిన వెంట్రుకకు కొస మొండిగా ఉంటుంది. కొత్తగా మొలిచినదానికే మొన ఉంటుంది. పత్తి పీచులోనూ ఇంతే.

28 డిసెంబరు, ఆదివారం

మొత్తం 174. బరువు 75.5. నెలకు కిలో పైచిలుకు మాత్రమే తగ్గుతోంది. జూలైలో అదే నాలుగు కిలోలు దాటింది. మిల్లులో ఒకామె, "జుట్టు ఊడుతుంటే ఆ మందు ఎందుకు, మానేయొచ్చు కదక్కా" అంది. మూడు నెలల సగటు చక్కెర 7.4 నుంచి 5.9కి వచ్చింది, మోకాళ్లు మెట్ల మీద అరవడం మానేశాయి. జుట్టు కోసం వీటిని వదులుకోవాల్సి వస్తే ఆలోచించేదాన్నేమో; అలా వదులుకోవాల్సిన అవసరమే రాలేదు.

25 జనవరి 2026, ఆదివారం

మొత్తం 112. సంక్రాంతికి అమ్మవాళ్ల ఊరు వెళ్లినందువల్ల 18న లెక్క లేదు. ఫెరిటిన్ 31, హిమోగ్లోబిన్ 12.2. ఇనుము మాత్ర ఇంకో మూడు నెలలు.

22 ఫిబ్రవరి, ఆదివారం

మొత్తం 79. గుండు ఉన్నవి 66. మొదటిసారి వంద లోపల. లెక్కకు పట్టింది పాతిక నిమిషాలు.

1 మార్చి, ఆదివారం

మొత్తం 83. నుదుటి పైన కొత్తవి నాలుగు సెంటీమీటర్లు ఉన్నాయి. ఏ నూనె పెట్టినా పడుకోవు, ఫోటోల్లో వెలుతురు పడితే తల చుట్టూ నూగులా కనిపిస్తాయి. జడలో కలవాలంటే ఇంకో రెండేళ్లు పడుతుంది. నెలకు సెంటీమీటరు లెక్కను ఎవరూ తొందరపెట్టలేరు.

మధ్యాహ్నం వీధిలో చిక్కు వెంట్రుకలు కొనే అతను కేక వేసుకుంటూ వచ్చాడు. గోడ గూట్లో అత్తయ్య దాచుకున్న ఉండలతోపాటు, నేను తేదీలు వేసి పెట్టిన కాగితపు పొట్లాలన్నీ బయటికి తెచ్చారు. అతను పొట్లాల మీద రాతలు చూసి, ఇదేదో పరీక్షల సరుకనుకుని కొంచెం వెనక్కి తగ్గాడు. ఆమె బేరమాడి ఒక స్టీలు గిన్నె, టీ వడపోత తీసుకున్నారు. కొవిడ్ నాటి ఆ ఒక్క వెంట్రుక ఉన్న కాగితాన్ని మాత్రం నేను ముందే తీసి డైరీ వెనుక అట్టలో పెట్టుకున్నాను.

మోతాదు 5 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది, బరువు 74. లెక్క ఇకనుంచి నెలకొకసారి. తరువాతిది మార్చి 29న.